మైనానికి ఇడిసిన జాగ

తడి మీద దారం అబద్ధమాడుతది.
ఎండినంక సగం నిజం చెప్తది.
మైనం రుద్దినంకనే అసలు మాట బయటపడుతది.
మా బాపు చేరాలు నాకు చెప్పిన పాఠం ఇంతే,
మిగిలిందంతా మొట్టికాయలే.

హన్మకొండ బస్టాండు ఎదురుంగ
జిరాక్సు దుకాణం మెట్ల కింద మా డబ్బా.
రాత్రి తొమ్మిది దాటినంక వచ్చింది కండక్టర్ సౌభాగ్య.
ఖాకీ కోటు ఇంకా ఇప్పలే.
భుజానున్న తోలుసంచి తీసి నా ముందల పెట్టింది,
డిపోల లెక్క అప్పజెప్పినట్టు.

సంచి అడుగున జానెడు కోత.
బ్లేడు. స్కేలు పెట్టి గీసినట్టు.
"మేడారం స్పెషల్ల," అన్నది, "నూటిరవై మంది బండిల."
ఎంత పోయిందో నేను అడగలే.
"జీతంల పట్టుకున్నరు," తనే చెప్పింది.
"కుట్టు కనపడొద్దు. రోజుకొకలు అడుగుతున్నరు."
పొద్దున నాలుగున్నరకు భూపాలపల్లి బండి.
ఇల్లు నర్సంపేట అవతల, పోయి వచ్చే యాళ్ళ లేదు.

బజార్ల దొరికే నైలాను రంగు తాగదు,
ఎంత ముంచినా అలిగిన అల్లుని లెక్క
గడపలనే నిలబడ్తది.
కొత్తవాడ జంపఖానాల మగ్గం కాడ తెచ్చిన నూలుంది.
మూడు పోగులు కలిపి తొడ మీద పేనిన.

స్టవ్వు మీద తంగేడు చెక్క ఉడుకుతున్నది.
ఇదే తంగేడు నీళ్ళల్ల మా తాతలు తోళ్ళు నానేసేటోళ్ళు.
ఆ వాసన పేరు చెప్పే
మా వాడను ఊరవతల పెట్టిన్రు.
ఇయ్యాల పక్క బండి వాజిదు ముక్కెగబీల్చి
"ఏం చాయ్ అది, నాకూ ఓ గిలాస పొయ్యి" అంటున్నడు.

సంచిది ఒక్క రంగయితే గదా.
పట్టీ కాడ పదహారేండ్ల చెమట నలుపు,
మూతి కాడ బొటనేలు ఆడీ ఆడీ చింతగింజ మెరుపు,
కోత పడ్డ జాగ ఎండిన రేగుపండు,
అది గూడ ఒక కొసకు ఎరుపు, ఇంకో కొసకు బూడిద.

కరక్కాయ పొడి ఇంత.
బెల్లం నీళ్ళల్ల తుప్పు మొలలు నానిన రసం రెండు చుక్కలు.
మూడోది పడితే మసి, చెయ్యి ఆపుకున్న.
మొదటి దారం ఎండినంక సంచి మీద పరిచిన.
అచ్చం కలిసింది. మురిసిన.
మైనం పెట్టంగనే తప్పింది.

మళ్ళ నూలు. మళ్ళ మూడు పోగులు.
ఈసారి ఒక వన్నె తక్కువకే తీసిన,
మైనానికి జాగ ఇడిసి.
ఎర్ర కొస తొందరగ బయటికి,
బూడిద కొస ఇంకింత సేపు నీళ్ళల్ల.
ఫ్యాను ముందు దారం ఊగుతుంటే
టికెట్ల మిషను తలకింద పెట్టుకొని ఆమె నిద్రపోయింది.
నిద్రల గూడ ఒక చెయ్యి
సంచి లేని నడుము మీదనే ఉన్నది.

రెండు సూదులు ఎదురెదురుగ,
ఒక్కటే బొక్కలకెళ్ళి దాటుకుంట,
తాడ్వాయి అడివిల ఒంటి తోవల
రెండు బస్సులు తప్పుకున్నట్టు.
వాజిదు బండి కట్టేసి పోయిండు.
చివరి ముడి లోపలికి దోసి సుత్తెతోని సాపు జేసిన.

మూడుంబావుకు లేపిన.
ఫోను లైటు వేసి అటూ ఇటూ తిప్పింది, దొరకలే.
కండ్లు మూసుకొని వేలుతోని తడిమింది.
వేలు ఒక్కకాడ ఆగింది.
"నాకొక్కదానికి తెలుస్తే సాలు," అన్నది.
పది రూపాయల నోట్లు మడత పెట్టి ఇచ్చింది,
అలవాటుగ రెండుసార్లు లెక్కబెట్టి.

మిగిలిన మూరెడు దారం మొలకు తగిలేసిన.
బాపు తగిలేసినవి గూడ అక్కడ్నే ఉన్నయి,
ఒక్కోటి ఒక్కోల్ల వన్నె, ఒక్కదానికీ పేరు లేదు.

తెల్లారి ఎండ మెట్ల కిందికి వచ్చినంక చూస్తే
అది ఇంకో రంగు.
అప్పటికి బండి పరకాల దాటే ఉంటది.