ఖంగు

ప్రొద్దుటూరులో గాజులంగడి పైన ఒకే గది.
చాప మీద పదకొండుమంది పసిబిడ్డలు, వాళ్లమ్మలు.
నాయనంటే నేనొక్కణ్ణే.
మా ఆమెకు ఆదివారం గూడా బట్టలంగట్లో డ్యూటీ.

"పిల్లోళ్లతో పాటు మీరూ పాడాల"
అనింది షంషాద్ టీచరు, హార్మోనియం తిత్తి లాగతా.
నా గొంతులో ఇరవై ఏండ్ల బండల దుమ్ము.
'స' అనబోతే దగ్గొచ్చింది.
ఒళ్లో పెంచల గిలక్కాయ ఊపకుండా
నా నోటికల్లే చూస్తాంది.

నాకొచ్చిన విద్య ఒకటే.
ఎర్రగుంట్ల పాలిష్ ఫ్యాక్టరీలో
బండను వేలి కణుపుతో కొట్టి వినేది.
మంచిదైతే ఖంగుమంటది.
నెర్రె ఉంటే, మూగది.

చాప అంచు దాటితే ఈ గది నేలా మా బండే.
వంగి కొట్టినా.
మళ్లా కొట్టినా.
మూడో దెబ్బ నాది కాదు.
గిలక్కాయ పక్కన పడుండాది,
చిన్న పిడికిలి నేల మీద.

టీచరు పాట మార్చలే,
మా దెబ్బల ఎంట నడిచొచ్చింది.

ఇంటికి పోతా, బండి ట్యాంకు మీద కూచున్నది
వెనక్కి తిరిగి నా రొమ్ము మీద తట్టింది.
చెవి ఆనించి వినింది.

ఏం వినపడిందో చెప్పదు గదా, రెండేండ్లది.
ఇంకోసారి తట్టింది.