పసుపుపచ్చ జాక్

రిచీ స్ట్రీట్లో, మూడో సందులో,
పాత ఛార్జర్ల గుట్ట కింద దొరికింది.
పిల్లలాడుకునే వీడియో కెమెరా. నాకంటే ఆరేళ్లు పెద్దది.
నూట ఎనభై అన్నాడు.
"పని చేయదు మేడం" అని తనే తగ్గించి
నూట ఇరవై తీసుకున్నాడు.

ఫిల్మ్ అక్కర్లేదు దీనికి, కార్డు అక్కర్లేదు.
పాటల క్యాసెట్టే పలక.
కానీ ఏం ఆకలి!
తొంభై నిమిషాల పాటలు పట్టే టేపు
దీని నోట్లో పడితే
పదకొండు నిమిషాల చూపు.

సాయంత్రం చింతాద్రిపేటలో
ఆదికేశవులు గారి మేడ మీదికి పట్టుకెళ్లాను.
నలభై ఏళ్లు రేడియోలు విప్పిన మనిషి.
షుగరు రెండు కళ్లలోకీ దిగాక
ఇంట్లో స్క్రూడ్రైవర్లు దాచేశారు.
ఎక్కడ దాచారో ఆయనకి తెలుసు.
తీసి నా చేతిలో పెట్టారు.

మూత తీయగానే వాసన చూసి
"బెల్టు కరిగిందమ్మా" అన్నారు.
నిజమే, రబ్బరు కాదది, తారు.
స్పిరిట్లో ముంచిన దూది ఎంత నల్లబడినా
కప్పీలు ఇంకా జిగురే.

"రేకు డబ్బా కనిపిస్తోందా, అగ్గిపెట్టెంత?
బొమ్మని టీవీ దాకా మోసుకెళ్లే కూలీ వాడు.
మోతలో సగం దారిలోనే ఒలకబోస్తాడు.
వాడి దాకా పోనీకు. గుమ్మంలోనే అందుకో."

గుమ్మంలో ఒక ట్రాన్సిస్టర్ని కాపలా పెట్టాను.
డెబ్బై అయిదు ఓముల రెసిస్టరు:
ఊదా, ఆకుపచ్చ, నలుపు.
రంగులు నేను చదువుతుంటే
కథ వింటున్నట్టు ఊఁ కొట్టారు.
చూపుడు వేలు కాలింది. ఆ వాసన కూడా పట్టేశారు.

ఇక పక్క గోడకి చిల్లు.
స్టవ్ మీద ఎర్రగా కాల్చిన మేకుతో
చంటిపిల్లకి చెవి కుట్టినట్టే కుట్టాం.
పసుపుపచ్చ జాక్ పోగులా బిగిసింది.

టేపు మూర్ మార్కెట్‌ది.
ఎవరో షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్న డిక్టేషన్,
నిమిషానికి ఎనభై మాటలు.
దాని మీదే తీయడం మొదలుపెట్టాను.

వాచ్‌మన్ గదిలోంచి తెచ్చిన బుల్లి తెర
ముందు దొర్లింది, తర్వాత నిలబడింది.
చుట్టూ నల్లటి చట్రం, లోపల బూడిద గళ్లు.
తీగ మీది కాకి ఎగిరిపోయినా
కాకి మరక కాసేపు అక్కడే కూర్చుంది.

"బాగా రాలేదండీ" అన్నాను. "అంతా మసక."

ఆయన ముక్కు తెరకి ఆనేంత దగ్గరికి వంగారు.
మాట్లాడలేదు.
తర్వాత లోపలికి కేకేశారు:
"రాజ్యం! ఇలా రా. ఇది చూడు.
నాకు లోకం ఇలాగే ఉంది.
నాలుగేళ్లుగా చెప్పడం చేతకావట్లేదు."

ఆవిడ పిండి చేతులతో వచ్చింది.
తెరలో తనెక్కడుందో చాలాసేపు వెతుక్కుంది.
"మీకు నేను ఇంత అన్యాయంగా కనిపిస్తున్నానా?"
అని కొంగు సర్దుకుంది.
తెరలో ఒక బూడిద మచ్చ కొంగు సర్దుకుంది.

వెనక్కి తిప్పి మళ్లీ చూశాం, ముగ్గురం.
మేం తీసింది అయిపోయాక
సన్నగా అడ్డగీతలు పడ్డాయి.
"వానా?" అన్నారాయన.
కాదు, పాత డిక్టేషన్.
ఏ గుమాస్తా ఏ కంపెనీకి రాసిన ఉత్తరమో
తొమ్మిదింతల తొందరలో కురుస్తోంది.

"మోటారు గుర్రు బొమ్మలోకొస్తోంది.
రేపు నూరు మైక్రోఫారడ్ ఒకటి వేసి చూడు"
అని ఆయన బజ్జీ కోసం చెయ్యి చాపారు.
ఆవిడ పళ్లెమే దగ్గరికి జరిపింది.

రాత్రి ఎగ్మోర్ హాస్టల్లో
ఆ క్యాసెట్టుని మామూలు టేప్‌రికార్డర్లో పెట్టాను.
గీ మంటూ ఒకటే రొద,
సీసాలో బంధించిన తుమ్మెద.
పక్క మంచం అమ్మాయి "ఆపవే" అంది.
సౌండు తగ్గించాను గానీ ఆపలేదు.
ఆ రొదలో ఎక్కడో
ఒకావిడ కొంగు సర్దుకుంటోంది.