సాంబ్రాణమ్మ

ఆమె ఇంటిపేరు సాంబ్రానో.
మా హ్యాచరీ వాచ్‌మన్ పెంచలయ్యకి నోరు తిరక్క
గేటు పుస్తకంలో సాంబ్రాణి అని రాసుకున్నాడు.
ఆ పూట నించీ తుమ్మలపెంటలో
అందరికీ ఆమె సాంబ్రాణమ్మే.

ఈక్వెడార్ అంట. మాంటా అనే రేవంట.
మా తొట్లల్లో ఈదే వన్నామి రొయ్యకి
ఆ సముద్రమే పుట్టిల్లంట.
అట్టయితే పుట్టింటోళ్ళు కూతుర్ని చూడ్డానికొచ్చినట్టే కదమ్మా, అన్నా.
ఆ మాట ఆమెకి అర్థమయ్యేలోగా అన్నం చల్లారిపోయింది.
నవ్వు మాత్రం వేడిగానే వచ్చింది.

మొదటిరోజు నా చేపల పులుసుకి కళ్ళనీళ్ళు పెట్టుకునింది.
మిరపకాయ మీ దిక్కునించి వచ్చిందే,
ఓడెక్కించి పంపి మీరు మర్చిపోయినారు,
మేం పెంచి పెద్దజేసినాం, అన్నా.
రెండో గరిటె తనే వడ్డించుకునింది.

నవంబరు రెండో తేదీకి సెలవు అడగలా.
నా వంటగది అడిగింది.
పోయినోళ్ళ పండగంట వాళ్ళకి.
మా పెద్దల అమావాస్య అయిపోయి నెల దాటింది.
అయితేనేం,
పోయినోళ్ళకి రెండోసారి ఆకలి కాదా?

నల్ల మొక్కజొన్న పిండి కావాలనింది.
కావలంతా తిరిగినా యాడుంటది?
నా రాగిపిండి డబ్బా మూత తీసి వాసన చూసి
ఎవరో తెలిసిన మనిషి ఎదురైనట్టు తలూపింది.
నల్లద్రాక్ష, అనాస, చెక్కా లవంగం
డేగిశాలో ఉడికి ఊదారంగు తిరిగితే
పెంచలయ్య తొంగిచూసి
'అంబలే గదా' అని తేల్చేసినాడు.

మైదాపిండితో పసిబిడ్డల్ని చేసింది,
చేతులు కనపడకుండా గుడ్డలో చుట్టినట్టు.
గ్వాగ్వా అంటే పిల్ల అంట.
మాకు తెలిసిన పిల్ల వేరే,
గాజుగ్లాసు వెలుతురికెత్తి లెక్కబెట్టే
వెంట్రుకంత రొయ్యపిల్ల.
వీటికేమో ఎండుద్రాక్ష కళ్ళు.
ఖాజావలి బేకరీలో బన్నుల పక్కన కాలస్తే
ఒకటి పగిలింది.
మా నాయన పేరు మీద, అని
ఖాజావలే తినేసినాడు.

పంపుషెడ్డు ముందర బల్లేసి
వాళ్ళ అవ్వ ఫొటో పెట్టింది.
పక్కన బోలెడంత జాగా వదిలింది.
కాసేపు ఎవురూ కదల్లా.

పెంచలయ్య చొక్కాజేబులోంచి ఆధార్ కార్డు తీసినాడు.
రవణమ్మది. వేరే ఫొటో ల్యాదంట.
ఒడిశా పిలగోడు సెల్లులో వాళ్ళమ్మ బొమ్మ తీసి
గ్లాసుకి ఆనించినాడు.
వెలుగు ఆరిపోయినప్పుడల్లా
పక్కనోళ్ళు ఎవురో ఒకరు వేలితో తట్టతానే ఉండారు.

తుఫానులో వేటకుపోయిన నా తమ్ముడిది
ఒక్క బొమ్మా ల్యాదు.
వాడు వల అల్లే సూది తెచ్చి
అంబలి గ్లాసు పక్కన పెట్టినా.

తర్వాత నిప్పులమీద ఇంత పొడి చల్లినా.
పొగ లేచింది. ఆమె కళ్ళు మూసుకుని పీల్చి
ఇదేందని అడిగింది.

నువ్వే, అన్నా.

పదిగంటలకి మేత టైము. అందరం లేచినాం.
మిగిలిన గ్వాగ్వాని కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చినా.
తెల్లారిందాకా
తినబుద్ధి కాలా.