కాస్త సందు

పద్మారావునగర్. ఆదివారం. ఎండ ఇంకా గోడ దిగలేదు.
రెండు సీట్ల పాత ఎర్ర బండి,
ఇంజను చల్లగా ఉండగానే మూత విప్పాను.
ఒకటో వాల్వు తెరుచుకుంటే ఎనిమిదోది సర్దాలి,
మూడైతే ఆరు.
"కూడితే తొమ్మిది రావాలె" అనేవాడు
ముషీరాబాద్ షెడ్డులో ఖదీర్ భాయ్,
లెక్క తప్పితే పానాతోనే మొట్టేవాడు.

గేజీ రేకు దూరాలి, ఊరికే జారకూడదు:
చీరల మడతల్లోంచి పాత రసీదు లాగినట్టు
చిన్న పట్టు.
నట్టు బిగించగానే ఆ పట్టూ పోతుంది.
మళ్ళీ.
మళ్ళీ.
నాలుగోది ఒక్కటే గంట తిన్నది.

"ఆవాజు మొత్తం తియ్యకు బేటీ.
మాట్లాడని వాల్వు కాలిపోతది."

తాళం తిప్పాను. టిక్ టిక్ టిక్,
సన్నగా, సమంగా.

పై వాటా కిటికీ తెరుచుకుంది. వకుళమ్మ.
"కుట్టుమిషను కొన్నావా?
నా జాకెట్టు గుడ్డ పంపనా?"