వెన్నయ్య

మూడో నంబరు పేపరు మెషీను బిగించడానికొచ్చిన
జర్మనీ ఇంజనీరు పేరు వెర్నర్.
రాయగడ నోట్లో నానీ నానీ
వెన్నయ్య అయ్యాడు.

వెదురు మోపుల యార్డు వెనక
గుజ్జు కంపు కొట్టే మిల్లు గ్రౌండులో
షిఫ్టు దిగి మేం బంతాడుతుంటే
ఒకనాడు బూట్లు విప్పి పక్కన పెట్టి
లోపలికొచ్చాడు.
యాభై దాటిన మనిషి. ఎడమ మోకాలు మడత పడదు.
అరగంటసేపు మాలో ఒక్కడూ అతన్ని దాటలేదు.
అతను పరుగెత్తనే లేదు మరి.
బంతి ఎక్కడికి రాబోతోందో అక్కడికి ముందే వెళ్ళి
గుణుపురం బస్సు కోసం నిలబడ్డట్టు
నిలబడేవాడు.

క్యాంటీను రేకుల కింద
అతనికి వచ్చీరాని ఇంగ్లీషు, మాకు రానే రాని ఇంగ్లీషు.
చివరికి సుద్దముక్క అడిగి నేల మీద రాశాడు.
పదకొండు: జీతానికి ఆడిన ఏళ్ళు.
మూడొందల నాలుగు: ఆడిన మ్యాచులు.
ఒకటి: కొట్టిన గోలు.
ఆ ఒకటి దగ్గర బాణం గీసి
వెనక్కి తిప్పి, తన గుండెకే గురిపెట్టాడు.
సొంత వలలోకి.

మేం పగలబడి నవ్వాం. తనూ నవ్వాడు.
మండంగి ఇస్సాకు నవ్వలేదు.
బాయిలరుకి బొగ్గు తోసే గుంటడు, మా ఎడమ బ్యాకు.
"మిగతా మూడొందల మూడు ఆటల్లో
ఏటి సేసినాడో అడుగు" అన్నాడు నాతో.
చేతులతో, కాళ్ళతో అడిగాను.
వెన్నయ్య చాలాసేపు టీ గ్లాసులోకి చూసి
రాసిందంతా అరచేత్తో తుడిచేశాడు.
ఖాళీ నేల మీద వేలు పెట్టి
"ఇది" అన్నాడు. తెలుగులోనే.

నేను గోలీని.
గోలీకి తనవాళ్ళ మొహాలు కనబడవు.
పద్నాలుగేళ్ళు ఇస్సాకు వీపే చదివాను:
బనీను చిరుగులో నిప్పురవ్వ కాల్చిన మచ్చ,
ఎదుటివాడు దూసుకొస్తుంటే కాస్త దిగే కుడి భుజం.
అది దిగితే నేను ఎడమకి జరగాలి.
మా ఇద్దరి మధ్య మాటలంటే అంతే.

జయపురం వాళ్ళతో ఆ ఫైనలు.
ముందు రాత్రి కురిసిన వానకి
పెనాల్టీ గీత దగ్గర ఎర్రమట్టి పాయసంలా ఉంది.
ఒడియాలో, తెలుగులో, కువిలో తిట్లు.
ఆఖరి నిమిషం, వాళ్ళ తొమ్మిదో నంబరు ఒంటరిగా వచ్చాడు.
"కాలు పెట్టరా!" అని నేను అరిచాను.
ఇస్సాకు కాలు పెట్టలేదు.
కళ్ళు బొంకుతాయి, నడుం బొంకదని వెన్నయ్య చెప్పిన పాఠం.
నడుం కేసే చూస్తూ, ఒక్కో అడుగూ
వెనక్కి, వెనక్కి,
పామును పొమ్మంటున్నట్టు.
వాడికి విసుగొచ్చి తన్నాడు.
బంతి వెళ్ళి వెదురు మోపుల్లో పడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
జరగనిదానికి ఎవరు కొడతారు?
తర్వాత బొమ్మాబొరుసులో ఓడిపోయాం.
పేపర్లో ఆ తొమ్మిదో నంబరు ఫోటో వేశారు.

మెషీను తిరిగింది, వెన్నయ్య వెళ్ళిపోయాడు.
మరుసటేడు ఒక కవరొచ్చింది. ఉత్తరం లేదు,
పాత జట్టు ఫోటో ఒకటి.
వెనక వరసలో ఎవరిదో జుట్టు అడ్డొచ్చి
అతని మొహం సగమే పడింది.
ఇస్సాకు దాన్ని వాళ్ళమ్మ బైబిల్లో దాచాడు.
ఏ పేజీలోనో నాకు చెప్పలేదు.

మోకాలు పోయాక
ఆటగాళ్ళ కోటాలో తేలిక డ్యూటీకి దరఖాస్తు.
రాసేది నేను, వేలిముద్ర వాడిది.
పేరు. తండ్రి పేరు. టోకెను నంబరు.
ఆ కింద ఒకే ఒక్క గడి: కొట్టిన గోల్స్.
కలం అక్కడే ఆగింది.
సున్నా వేద్దామంటే చెయ్యి రాలేదు.
ఖాళీగా వదిలేశాను.

"పూర్తిగా నింపలేదు" అని
గుమాస్తా బిశోయిబాబు రెండుసార్లు తిప్పి పంపాడు.
నింపానండీ, అన్నాను.
మూడోసారి తీసుకెళ్ళాలి. సోమవారం కుదరదు,
వాడికి నైటు షిఫ్టు.