నూట పన్నెండో పేజీ

ఆదోని పత్తి మార్కెట్టు వెనక
మెట్ల కింద నా అద్దె పుస్తకాల అంగడి.
నిటారుగా నిలబడితే తలకు తగులుతుంది.
అందుకే వచ్చినోళ్లంతా వంగి మాట్లాడతారు,
పుస్తకాలకు దండం పెట్టినట్టు.

గాలి లేచిందంటే దూది వచ్చి అట్టల మీద వాలుతుంది.
ఎడమ గోడకు దయ్యాలు,
కుడి గోడకు పాతకాలం నవలలు,
నడుమ నేను, లెక్కల పుస్తకం, జిగురు డబ్బా.
దయ్యానికి రోజుకు రెండు రూపాయలు
పాత నవలకు రూపాయి.
పోయిన ఎండాకాలం రగడ మొదలైంది ఈ రూపాయి తేడా మీదనే.

"నూరేండ్లు నిలిచిన కథకు రూపాయా?
నిన్న పుట్టిన శాకినికి రెండా?"
అన్నారు రిటైరైన తెలుగు పండితులు భీమసేనాచారి.
ఆయన జేబులో ఎర్ర పెన్సిలు.
నా దగ్గర ఏది తీసుకున్నా దీర్ఘాలు దిద్దుతారు,
జారిపోయిన వత్తులు కిందికి తగిలిస్తారు,
మరీ ఘోరమైన తప్పు పక్కన చిన్న శూలం గీస్తారు.

"దుడ్లు భయానికిస్తాం సామీ, వయసుకు కాదు"
అన్నాడు జిన్నింగు మిల్లు వాచ్‌మన్ దస్తగిరి.
రాత్రికొక దయ్యాన్ని నమిలేస్తాడు
ఉగ్గాణిలోకి మిరపకాయ బజ్జీ మాదిరి.
మళ్లీ తనే పెదవి విరుస్తాడు:
"ఎప్పుడు చూడు ఆ తెల్లచీరే, ఆ కుక్క ఏడుపే.
బేళ్ల సందున బీడీ ముక్క ఒకటి ఎర్రగా కనపడితే,
అదీ భయమంటే.
దాన్ని ఒక్కడన్నా రాసినాడా?"

సర్కారు ఆసుపత్రి నర్సు ఉరుకుందమ్మ
నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది.
"సచ్చినోళ్లు ఏం చేస్తారన్నా?
కళ్లు మూసేది నేను, దవడకు గుడ్డ కట్టేది నేను.
ఒక్కరన్నా లేచి నా పేరు అడగలేదు."
అట్ట ఊడిన లావు నవల ఒకటి, కుడి గోడది,
బల్ల మీద పెట్టింది.

"ఇది చదవండి.
పన్నెండేండ్ల పిల్లకు తల గొరిగిస్తారు.
ఇంట్లో అందరూ మంచోళ్లే.
వాళ్లు అన్నాలు తింటా నవ్వుకుంటాంటే
ఆ పిల్ల తలుపు సందులోంచి దీపం చూస్తాంటాది.
నలభై పేజీలు.
ఎవరూ అరవరు."

ఎవరం ఏమీ అనలేదు.
బయట ట్రాక్టరొకటి వెనక్కి పోలేక
చాలాసేపు మూలిగింది.
ఆచారి గారు ఆ నవలను
ముప్పై ఏండ్లు పిల్లలకు పాఠం చెప్పినవారు.
"అందులో వర్ణన చూడాలమ్మా, వర్ణన..." అన్నారు,
తనకు తానే అప్పజెప్పుకున్నట్టు.

ఆ రాత్రికి దాన్ని దస్తగిరి తీసుకుపోయినాడు.
నాలుగు రోజులు అజా లేడు.
ఐదోనాడు వచ్చి పది రూపాయలు పెట్టినాడు.
ఐదే అయిందప్పా అంటే
"దయ్యం రేటే పట్టుకో" అన్నాడు.
పోతూ పోతూ ఆగి,
"మా మిల్లు గేటుకు సందుంది.
పదకొండేండ్లుగా ఉందంట. నేనే చూడలేదు."

ఇంకొక సంగతి, ఇది ఎవరికీ చెప్పలేదు.
అదే వారంలో ఆచారి గారు
ఎడమ గోడ నుంచి ఒక దయ్యాన్ని లాగి
పాత పంచాంగం కాగితంలో చుట్టుకుని పోయినారు.
"ఎంత చెత్తో తెలియకుండా తిట్టకూడదు గదా."

తిరిగి వచ్చినాక జిగురు పెడదామని విప్పి చూస్తే
మొదటి పేజీలోనే తొమ్మిది ఎర్ర గీతలు,
ముప్పయ్యో పేజీకి శూలాల తోట.
నూట పన్నెండులో,
దిగుడుబావి లోపలి నుంచి ఎవరో తలుపు కొట్టే చోట,
ఒక శూలం సగంలో ఆగిపోయింది.
పిడి ఉంది, మొనలు లేవు.

ఆ పైన ఎరుపే లేదు.
నూట ఇరవైలో 'నిద్ర'కు బదులు 'నిర్ద' అనే ఉంది.
నూట నలభైలో నాయిక పేరే మారిపోయింది,
ఆయన పట్టించుకోలేదు.

రేట్లు మార్చాలని బోర్డు తుడిచి పెట్టినాను,
ఏ గోడకు ఎంతో ఇంకా తేలలేదు.
నిన్న ఆచారి గారు వచ్చి
ఉరుకుందమ్మ పోయేదాకా ఆ పుస్తకం ఈ పుస్తకం కదిలిస్తూ నిలబడి,
మెట్లు తగలకుండా వంగాల్సిన దానికన్నా
కొంచెం ఎక్కువే వంగి అడిగినారు:
"దానికి రెండో భాగం ఉందేమయ్యా?
అచ్చుతప్పులు చూడాల."