ఎంత?

ఓస్మున్ మావయ్యకి మోకాలు పోయాక
వేటకి నేనొక్కదాన్నే వెళ్తున్నాను.
ఆయన గుడిసెలో పొయ్యి దగ్గరుంటాడు.
రాత్రి నేను తలుపు తియ్యగానే
కొమ్ములెన్ని అనడు, బరువెంత అనడు.
"ఎంత?" అంటాడు, అంతే.
ఎంత దూరం నించి కొట్టావని.

ఆయన రోజుల్లో దూరం కంటికి వచ్చిన విద్య.
చెయ్యి చాపి, ఒక కన్ను మూసి,
బొటనవేలి గోరు చాటున రెయిన్‌డీర్ మాయమైతే ఒక లెక్క,
గోరుకి అటు తోకా ఇటు ముట్టే కనిపిస్తే
ఇంకో లెక్క.

నా మెడలో వేలాడేది సబ్బుబిళ్లంత లేజరు పెట్టె.
మీట నొక్కితే కంటికానని వెలుగొకటి పోయి
దేనికో తగిలి తిరిగొచ్చి
ఎర్రంకెలు వెలిగిస్తుంది.
దేనికి తగిలిందో మాత్రం చెప్పదు.

మొదటి రోజు హార్దంగర్ పీఠభూమి నిండా పొగమంచు.
పదకొండు, అంది పెట్టె.
మళ్లీ నొక్కితే తొమ్మిది.
పొగమంచునే కొలుస్తోంది, వెర్రిది.
గుంపు ఎక్కడో దగ్గర్లోనే నడుస్తోంది,
అడుగడుక్కీ వాటి కాలి నరాలు చిటుకు చిటుకుమంటున్నాయి.
తుపాకీ భుజం దిగలేదు.
"ఎంత?" అన్నాడు మావయ్య.
"పదకొండు" అన్నాను. నవ్వాడు.

రెండో రోజు వాన.
చినుకు చినుక్కీ ఒక అంకె.
తడిసిన బొచ్చు వెలుగుని తాగేస్తుంది, తిరిగివ్వదు.
అందుకే జంతువునడగను, పక్కనున్న రాతినడుగుతాను.
వాలు మీంచి కిందికి చూస్తే రెండు వందల నలభై,
దాని కింద చిన్నగా రెండు వందల ఆరు.
మొదటిది వెలుగు జారిన దారి,
రెండోది నేల పరుచుకున్న దూరం.
తూటా లెక్కచేసేది రెండోదాన్నే.
ఈ సంగతి చెబితే మావయ్య
కాఫీ కప్పులోకి చూస్తూ
"మేం కాస్త కిందకి గురిపెట్టేవాళ్లం" అన్నాడు.
"కాస్త అంటే?"
"కాస్త."

బ్యాటరీ చలికి చస్తుందని
ఆ రాత్రి చంకలో పెట్టుకు పడుకున్నాను,
కోడి గుడ్డుని పొదిగినట్టు.

మూడో రోజు తెల్లారేసరికి మంచు కురిసి వెలిసింది.
ఎండ దానిమీద పడి, కళ్లు చెదిరి,
పెట్టెలో ఎర్రంకెలు తెల్లబోయాయి.
టోపీ కిందికి లాగి చీకటి చేసుకుని
గుంపు రాకముందే రాళ్లన్నీ కొలిచిపెట్టుకున్నాను.
నల్ల రాయి నూట అరవై.
చీలిన రాయి రెండు వందల ముప్పై.
ఈ రెంటి మధ్యా, వాగుకి అవతల,
కొమ్ముల మీది తోలు ఊడి పీలికలై వేలాడుతుంటే
పోతొకటి వచ్చి నిలబడింది.
బొచ్చు పొడిగా ఉంది. ఈసారి దాన్నే అడిగాను,
ఊపిరి వదిలితే అద్దం మసకేస్తుందని బిగబట్టి.
నూట తొంభై ఎనిమిది.

వేలు కదలడానికి రెప్పపాటు.
అక్కడికి చేరడానికి గంటన్నర.
వాగు బండల్ని కోసుకుని లోతుగా పారుతోంది,
పైకి పోయి, రేవు వెతికి,
తొడల్లోతు నీళ్లలో బూట్లు మెళ్లో వేసుకుని దాటాను.
ఆ దూరం ఏ అద్దంలోనూ వెలగలేదు.

దాని కంటి మీద గాలికి ఎగిరొచ్చిన మంచు రవ్వ
కరక్కుండా ఉంది.
కత్తి తియ్యబోతూ, ఎందుకో,
నేను పడుకున్న చోటుకి పెట్టె గురిపెట్టాను.
మర్చిపోయిన నారింజ రంగు ఫ్లాస్కు
బండ మీద అలాగే ఉంది.
రెండు వందల ఒకటి.
మళ్లీ నొక్కాను.
రెండు వందల ఒకటి.

రాళ్లు కదల్లేదు. ఫ్లాస్కు కదల్లేదు.
అప్పుడు చూశాను మంచులో
నాలుగు అడుగులు,
ఆఖరిది బాగా లోతుగా.

రాత్రి తలుపు తియ్యగానే "ఎంత?" అన్నాడు.
"నూట తొంభై ఎనిమిది."
గోడ మీద, నేను పుట్టకముందు రాసిన అంకెల కింద
పెన్సిల్‌తో రాసుకున్నాడు.
ఆ మూడూ చెప్పలేదు.
నీళ్లు వేడెక్కాయా అనడిగి
చేతులు కడుక్కున్నాను.